ఆకుల ఫుంగ్ వేసిన పువ్వు

రంగుల సందులో ఫుంగ్ లోయ్ ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆకుల ఫుంగ్ అని అడిగితే మోక్ గారి మేడ చూపిస్తారు. ఆ మేడ మీది చిత్రశాలలో అతను కుర్రతనం నుంచీ ఆకులే వేస్తున్నాడు. ఇప్పుడు నలభై దాటి, జడలో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. అయినా ఆకులే.

చైనా రేవు పట్నం కాంటన్ కోటగోడ బయట, తెల్లదొరల కొఠీలకి ఆనుకుని ఉన్న ఆ సందులో వేసిన బొమ్మలన్నీ ఓడలెక్కి పోయేవే. మోక్ గారి దగ్గర పని ఒక పద్ధతి ప్రకారం నడుస్తుంది. సూదితో చిల్లులు పొడిచిన అచ్చు కాగితాన్ని మంచి కాగితం మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దుతారు. పడిన చుక్కల్ని కలుపుతూ గీత గీసేవాడు ఒకడు. కొమ్మలకి రంగు వేసేవాడు ఇంకొకడు. తర్వాత కాగితం ఫుంగ్ బల్ల మీదికి వస్తుంది. అతను ఆకులన్నీ పూర్తిచేసి, పువ్వుల చోటు తెల్లగా వదిలేసి, పక్క బల్ల మీదికి జరుపుతాడు. ఆ పక్క బల్ల సెక్ యావ్‌ది. పువ్వులు వేసేది అతనే.

పువ్వుల బల్ల సెక్ వాళ్ల ఇంటి సొత్తు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి సెక్‌కి వచ్చింది. సెక్ చెల్లెలు ల్యూన్‌ని ఫుంగ్ చేసుకున్నప్పుడు, ఆ బల్ల మీద కన్నేసే చేసుకున్నాడని సందంతా అనుకుంది. "పిల్లనిచ్చాం, బల్ల ఇవ్వలేదు," అని సెక్ తండ్రి పెళ్లి విందులోనే అందరూ వినేలా అన్నాడు. అందరూ నవ్వారు. ఫుంగ్ కూడా నవ్వాడు. కానీ ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది.

ఫుంగ్ ఒకచోట నిలవలేడు. కుంచె చేతిలో ఉన్నంతసేపే మనిషి కుదురుగా కనిపిస్తాడు. కుంచె కింద పెడితే మోకాలు ఊగుతుంది, వేళ్లు బల్ల అంచుని గీకుతాయి. అన్నం తింటూ లేచి వీధిలోకి చూసి వస్తాడు. సాయంత్రాలు ఇంట్లో టీ తాగుతూ, ఒలికిన చుక్కలతో బల్ల మీద వేలితో ఏదో వేస్తాడు. ల్యూన్ ఇటు తిరిగేసరికి చేత్తో తుడిచేస్తాడు. ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఆ ఏడు ఓడల కాలంలో, తేయాకు రుచి చూసి కొనే ఒక దొర మోక్ గారి దగ్గరికి టీ చెట్టు బొమ్మ కోసం వచ్చాడు. వెంట కొఠీ దుబాసీ తుంగ్ ఉన్నాడు. మోక్ గారు టీ చెట్టు బొమ్మలు ఓ కట్ట తెచ్చి పరిచారు. అన్నీ ఆయన తండ్రి కాలం నాటి ఒకే అచ్చు నుంచి వచ్చినవే. కొమ్మ మీద పళ్లేల్లా నిండుగా విచ్చి, చూసేవాడి మొహంలోకి చూస్తున్న తెల్లని పువ్వులు. దొర ఒక్కొక్కటే తిరగేసి పక్కన పెట్టాడు.

తుంగ్ చెప్పాడు: "నిరుడు ఇలాంటిదే కొని వాళ్ల దేశానికి పంపాడట. అక్కడి చెట్ల పండితులు చూసి, ఆకులొక చెట్టువి, పువ్వులింకో చెట్టువి అని ఎగతాళి చేశారట. అందుకని ఈసారి చెట్టు తన గదిలో ఉంటుంది. మీ మనిషి ఒక్కడే వచ్చి, దాని ఎదురుగా కూర్చుని, వేరు నుంచి పువ్వు దాకా తన చేత్తోనే వెయ్యాలి. రెండో చెయ్యి పడితే తీసుకోనంటున్నాడు."

మోక్ గారు సెక్ వైపు చూశారు. సెక్ కుంచె కడుగుతూ తల ఎత్తలేదు.

"నేను వెళ్లి ఆకులు వెయ్యాలా?" అన్నాడు. "ఆకులు మేకలకి కదండీ."

చిత్రశాల గొల్లున నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే, "నేను వెళ్తాను," అన్నాడు ఫుంగ్.

"మరి పువ్వు?" అన్నారు మోక్ గారు.

"అదీ నేనే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సెక్ మాత్రం మెల్లగా, "ల్యూన్‌కి చెప్పావా బావా? ఇంట్లో పొయ్యి వెలగాలి కదా," అన్నాడు. మోక్ గారికి ఇంకో దారి లేదు. దొర నుంచి వచ్చే పని వదులుకోలేరు. "పాడు చేశావో, ఈ మెట్లు మళ్లీ ఎక్కకు," అని ఫుంగ్‌ని పంపారు.

దొర గది నదివైపు కిటికీ ఉన్న మేడ గది. టీ చెట్టు మట్టికుండీలో ఉంది. ఛాతీ ఎత్తు కూడా లేదు. ఫుంగ్ దాని చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, లేచాడు, మళ్లీ తిరిగాడు. కొమ్మల్లో అక్కడక్కడా తెల్లగా ఏవో ఉన్నాయి. వాటి వంక చూసీ చూడనట్టు చూసి, కూర్చుని, ఒక ముదురాకుతో మొదలుపెట్టాడు.

ఆకు అతన్ని పట్టుకుంది. ఇన్నేళ్లూ వేసిన టీ ఆకు ఇది కాదు. అంచు పళ్లు చిన్నవి, తొడిమ దగ్గరికి వచ్చేసరికి లేకుండా పోతున్నాయి. పైన నిగనిగలాడుతూ ఉంది, కింద పాలిపోయి ఉంది. చివర చిగురుకి వెండి నూగు ఉంది. పురుగు కొరికిన చోట గోధుమరంగు అంచు కట్టింది. నీలిమందులో పసుపు ఎంత కలిపితే ఆ పచ్చన వస్తుందో తేల్చడానికే మొదటి రోజు సగం గడిచిపోయింది. దొర పొద్దునా సాయంత్రం వచ్చి, వెనక నిలబడి పొగ వదిలి, ఏదో మెచ్చుకోలు మాట అని వెళ్లేవాడు. ఫుంగ్ వెనక్కి తిరిగేవాడు కాదు. రోజులు అలా ఆకుల్లోనే పోయాయి. పువ్వుల సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో ఆకు మొదలుపెట్టేవాడు. ఈ ఆకు కానీ, తర్వాత చూద్దాం అనుకునేవాడు.

ఒక ఉదయం తలుపు తీసేసరికి, కొఠీ పనివాడు కుండీ చుట్టూ చీపురుతో ఊడుస్తున్నాడు. నేల మీద తెల్లగా, అంచులు కమిలి, పువ్వులు మొత్తానికి మొత్తం రాలి ఉన్నాయి.

"ఆగు!" అని అరిచాడు ఫుంగ్.

"అరవకయ్యా, చెత్తే కదా," అన్నాడు పనివాడు.

ఫుంగ్ ఒకటి ఏరాడు. వేళ్ల మధ్య రేకలు జారిపోయాయి. చెట్టు వంక చూస్తే ఒక్కటీ మిగల్లేదు. అప్పుడు కాగితం వంక చూశాడు. ఆకుల మధ్య మూడు తెల్లని ఖాళీలు ఉన్నాయి. గుండ్రంగా, పైకి తిరిగి, పళ్లేల్లా. ఎదురుగా చెట్టు పెట్టుకుని కూడా అతని చెయ్యి అచ్చు కాగితం మీది పువ్వుకి చోటు వదిలింది. సెక్ కోసం వదిలింది.

కాగితం వెదురు గొట్టంలో పెట్టుకుని సందుకి వచ్చాడు. ఏం చెయ్యాలో తనకే తెలియలేదు, కాళ్లే అలవాటుగా మేడ ఎక్కించాయి. మోక్ గారు కాగితం పరిచి చాలాసేపు చూశారు.

"ఆకులు బాగున్నాయిరా. పువ్వులు రాలిపోయాయని ఏడుస్తావేంటి? సెక్‌కి ఇవ్వు. చిలుం తాగేలోగా వేసేస్తాడు. దొరకి ఎవరు చెప్తారు?"

సెక్ మెడ చాచి చూశాడు. "చూశారా! నాకోసం చోటు ఉంచాడు. మా బావకి మర్యాద తెలుసు."

అతని కుంచె అప్పటికే తెల్లరంగు సఫేదాలో ముంచి ఉంది. ఫుంగ్ ఆ చేతి కింద నుంచి కాగితం లాక్కున్నాడు. కుంచె సెక్ చొక్కా మీద తెల్లటి చార వేసింది. ఫుంగ్ గొట్టం చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం ల్యూన్ గంజి, ఎండుచేప ముందు పెట్టింది. అతను గిన్నె ముట్టుకోలేదు. లేచాడు, కూర్చున్నాడు, తలుపు దాకా వెళ్లి వచ్చాడు.

"దొర ఎల్లుండి సామాను ఓడకి పంపించేస్తాడట. చెట్టు మీద పువ్వు లేదు. గుర్తు తెచ్చుకుందామంటే సరిగ్గా చూడనే లేదు," అన్నాడు.

"ఎందుకు చూడలేదు?"

అతను మళ్లీ తలుపువైపు లేచాడు.

"భయం," అంది ల్యూన్. "మా నాన్న మాట మెడకి కట్టుకుని తిరుగుతున్నావు. రోజూ బల్ల మీద టీ నీళ్లతో వేసి తుడిచేస్తావే, అవి ఏంటనుకుంటున్నావు? నేను చూడలేదనుకున్నావా?"

"అవా? ఏవో చామంతులు."

"ఏవో ఒకటి. నీ చేతివే కదా." గంజి గిన్నె అతని ముందుకి తోసింది. "ఒక్క చెట్టేనా ఏంటి లోకంలో? ఫాటీ తోటల్లో ఉండదా? తెల్లారగానే పడవెక్కు. ఇప్పుడు తిను. నువ్వు మోకాలు ఊపుతుంటే దీపం వణుకుతోంది."

ఫాటీ తోటలు నదికి అవతల ఉన్నాయి. పడవ నడిపే ఆమె తెడ్డు వేస్తూ, "గొట్టంలో ఏంటన్నా, ఫిరంగా?" అని అడిగింది. ఫుంగ్ గొట్టాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. "పడవలో అటూ ఇటూ జరక్కు మరి. నదిలో పడితే ఇంకో పడవ పిలవాలి." అతను అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఉత్తరపు గాలి నీళ్ల మీద గీతలు గీస్తోంది.

తోటల్లో కొత్త సంవత్సరానికి కమలా మొక్కలు, ఎర్ర కెమీలియా పూలమొక్కలు కుండీల్లో బారులు తీరి ఉన్నాయి. టీ పువ్వు కావాలంటే ప్రతి తోటలోనూ నవ్వారు. ఆఖరి తోటలో లావ్ అనే ముసలాయన నీళ్లు పోస్తూ ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏ పువ్వు?"

"టీ పువ్వు, తాతా."

"అది పువ్వంటావా? చెట్టుకి తుమ్ము వచ్చినట్టుంటుంది. నలభై ఏళ్లుగా తోట పెట్టుకున్నాను, ఆ పువ్వు అడిగిన వాణ్ణి ఇవాళే చూశాను." ఆయన నీళ్ల డబ్బా దించాడు. "పెంటగుంట వెనక గోడ నీడలో ఒకటి ఉంది. ఎండ తగలదు, అన్నిటికన్నా ఆలస్యంగా పూస్తుంది. వెళ్లి చూసుకో. ముక్కు మూసుకుని వెళ్లు."

గోడ పక్కన చెట్టు వంకరగా పెరిగి ఉంది. నిలబడి చూస్తే ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. ఫుంగ్ కూర్చుని చూశాడు. ఆకుల నీడలో తెల్లగా ఏదో కదిలింది. చివరికి వెల్లకిలా పడుకున్నాడు. తడి మట్టి వీపుకి అంటింది, జడ బురదలో పడింది. అప్పుడు కనిపించాయి. పువ్వులన్నీ ఆకుల కింద తలలు దించుకుని వేలాడుతున్నాయి. పొట్టి తొడిమ వంగి, పచ్చని చిన్న గిన్నె లాంటి దాని నుంచి రేకలు కిందికి విచ్చుకుని ఉన్నాయి. మధ్యలో పసుపు కేసరాలు ఒత్తుగా కుచ్చులా ఉన్నాయి. ఒక తేనెటీగ తలకిందులుగా వాటిలో దూరింది. రాలిన ఒక్క రేక అతని గెడ్డం మీద పడింది. దాన్ని తీసి, వెలుతురుకి అడ్డం పెట్టి చూశాడు. తెలుపు కాదది. అంచు దాకా పలచగా ఏదో పచ్చదనం ఉంది.

కాగితం తీసి మోకాళ్ల మీద పరుచుకున్నాడు. మూడు ఖాళీలు అలాగే ఉన్నాయి, పైకి చూస్తూ. వాటిలో ఈ పువ్వు ఇమడదు. కొంతసేపు కుంచె పళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆ ఖాళీల్ని ఆకులతో నింపేశాడు. అది అతనికి ఎడమ చేత్తో అయినా వచ్చే పని. తర్వాత ఆకుల కింద, పచ్చరంగు మీదే, సఫేదా చిక్కగా కలిపి పువ్వు మొదలుపెట్టాడు.

మొదటి రేక అంచు వంకరపోయింది. ఆకుకైతే ఒక్క ఊపులో గీత పోతుంది. ఇక్కడ ప్రతి గీతకీ పడుకుని చూడాలి, లేచి వెయ్యాలి, మళ్లీ పడుకోవాలి. ముసలాయన ఓసారి వచ్చి గోడ మీంచి తొంగిచూశాడు.

"నడుం నొప్పా?"

"లేదు, పువ్వు వేస్తున్నాను."

"పడుకునా?" అని ఆయన తల ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి ఒక విచ్చిన పువ్వు, ఒక సగం విచ్చినది, ఒక మొగ్గ అయ్యాయి. ఫుంగ్ వాటిని చూసి ఏమీ నిర్ణయించుకోలేకపోయాడు. బాగున్నాయో లేదో తెలుసుకునే కన్ను అతనికి ఆకుల దగ్గరే ఉంది. వెళ్లేముందు చెట్టు కింద మరోసారి పడుకున్నాడు. నాలుగు కొసల్లో మొగ్గలు ఇంకా బిగిసి ఉన్నాయి. ముసలాయన్ని అడిగి పువ్వున్న ఒక కొమ్మ తుంచి, తడి గుడ్డలో చుట్టుకున్నాడు.

మర్నాడు దొర గదికి మోక్ గారు కూడా వచ్చారు. దొర కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి, భూతద్దంతో పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. ఆకుల మీద అద్దం నెమ్మదిగా నడిచింది. పువ్వు దగ్గర ఆగింది. మళ్లీ ఆకు మీదికి వెళ్లి, మళ్లీ పువ్వు మీదికి వచ్చింది. దొర అద్దం దించి తుంగ్‌తో గట్టిగా ఏదో అన్నాడు.

"మాట తప్పారంటున్నాడు," అన్నాడు తుంగ్. "ఆకులు వేసిన చెయ్యి వేరు, పువ్వు వేసిన చెయ్యి వేరట. ఆకుల్లో ఎక్కడా తడబాటు లేదు, పువ్వు గీత గీతకీ ఆగి ఆగి వేసినట్టుందట. పిల్లవాడికి చూపించినా తెలుస్తుందంటున్నాడు."

"రెండూ నేనే వేశాను," అన్నాడు ఫుంగ్.

మోక్ గారు అతని చెయ్యి నొక్కారు. "సెక్ దగ్గరికి వెళ్లావు కదూ? చెప్పెయ్యి. బతిమాలుకుందాం."

"నేనే వేశానండీ."

తుంగ్ ఆ మాట దొరకి చెప్పాడు. దొర ఒక తెల్ల కాగితం, కుంచె ఫుంగ్ ముందుకి తోశాడు. ఇప్పుడు వెయ్యమని. ఫుంగ్ గుడ్డ విప్పాడు. కొమ్మ మీది పువ్వు గోధుమరంగులో ముడుచుకుపోయి ఉంది. అతను కుంచె పట్టుకుని కాగితం మీద పెట్టాడు. చుక్క పడింది, అంతే. ఎదురుగా పువ్వు లేకుండా చేతికి దారి తెలియలేదు. మోకాలు బల్ల కింద ఊగడం మొదలుపెట్టింది. దొర చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"ఇక ఒక్కటే దారి," అన్నాడు తుంగ్. "ఆ పువ్వులవాణ్ణి పిలిపించండి. తనదో కాదో తనే చెప్తాడు."

సందు ఎంతో దూరం లేదు. అయినా సెక్ వచ్చేదాకా ఫుంగ్ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. నాది అని సెక్ ఒక్క మాట అంటే ఫుంగ్ పని పోతుంది, సెక్‌కి పోయేది లేదు. ఆ పువ్వు సెక్‌దేనని మోక్ గారు కూడా నమ్మేశారు. చొక్కా మీద ఎండిన సఫేదా చారతోనే సెక్ లోపలికి వచ్చాడు. అందరి మొహాలూ చూసి, కాగితం ముందు వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత తిరిగి ఫుంగ్‌ని పైనుంచి కిందికి చూశాడు. జడకి ఎండిన బురద, వీపు మీద నిన్నటి మట్టి అలాగే ఉన్నాయి.

"ఇది నాదా?" అన్నాడు. "మా తాత చేతిలో, మా నాన్న చేతిలో, నా చేతిలో ఒక్క పువ్వు తల దించుకోలేదు. రేకల అంచులు చూడండి, ఎలక కొరికినట్టున్నాయి. మొగ్గ కాయలా ఉంది. నేను ఇలాంటిది వేస్తే మా నాన్న సమాధిలోంచి లేచి వచ్చి కొట్టేవాడు. నా పరువు తీయకండి. ఇది ఆకులవాడి పనే."

తుంగ్ నవ్వు ఆపుకుంటూ దొరకి మొత్తం చెప్పాడు. దొర మళ్లీ అద్దం తీసుకుని పువ్వు మీద పెట్టాడు. ఈసారి చాలాసేపు ఉంచాడు. తర్వాత కాగితాన్ని మడత పడకుండా ఎత్తి, రేకుపెట్టెలో పరిచి మూత వేశాడు.

కొఠీ మెట్లు దిగాక మోక్ గారు ఫుంగ్ భుజం తట్టి, "రేపు పొద్దున్నే రా, ఆకులు చాలా పేరుకుపోయాయి," అని చెరుకు బండి పక్కనుంచి తన దారిన వెళ్లిపోయారు. బావాబావమరుదులిద్దరూ సందువైపు నడిచారు. ఫుంగ్ ముందు, సెక్ ఒక అడుగు వెనక. ఫుంగ్‌కి సెక్ చేసిన మేలుకి ఏదో అనాలని ఉంది, ఆ తిట్లకి ఏదో అనాలని కూడా ఉంది.

"నిజంగా అలాగే వేలాడుతుందా?" అన్నాడు సెక్ ఉన్నట్టుండి.

"ఊఁ."

"వెనక ఆ పచ్చ గిన్నె. నేను ఎప్పుడూ వెయ్యలేదు. పైకి తిరిగిన పువ్వుకి అది కనిపించదు కదా." కొంచెం దూరం నడిచాక అతని గొంతు తగ్గింది. "రేకకి ఆ పచ్చదనం ఎలా వచ్చింది నీకు? సఫేదాలో ఏం కలిపావు?"

ఫుంగ్ నడక వేగం పెంచాడు. సెక్ అడుగు కలిపి అతని పక్కకి వచ్చాడు. సెక్ మొహంలో ఎన్నడూ చూడనిది ఏదో కనిపించింది ఫుంగ్‌కి. చిత్రశాలలో తన మొహం కూడా ఇన్నాళ్లూ ఇలాగే ఉండేదేమో అనిపించింది.

"ఎక్కడుంది బావా ఆ చెట్టు? రేపు నన్ను తీసుకెళ్లు. మోక్ గారికి ఒంట్లో బాలేదని చెప్తాను."

ఫుంగ్ కళ్ల ముందు గోడ నీడలోని కొసలు మెదిలాయి. బిగిసి ఉన్న మొగ్గలు రేపో ఎల్లుండో విచ్చుకుంటాయి.

"రాలిపోయాయి," అన్నాడు. "అన్నీ అయిపోయాయి. వచ్చే ఏడు చూద్దాం."

సెక్ నిట్టూర్చి తల ఊపాడు. నమ్మాడు. సందు మలుపు దగ్గర ఇంటివైపు తిరగాల్సిన వాడు తిరగలేదు. ల్యూన్ ఏదో తెమ్మందని గొణిగి, ఫాటీ పడవల రేవువైపు పెద్ద పెద్ద అంగలు వేస్తూ వెళ్లిపోయాడు.